తోకను ముందు పెట్టుకుని వెళ్ళిన చుక్క

అది 2013. రాయ్‌పూర్ తెలీబంధాలో నాది చిన్న మోడల్ దుకాణం. బడి ప్రదర్శనలకు థర్మోకోల్‌తో గుండెకాయలు, అగ్నిపర్వతాలు, ఆనకట్టలు చేసిస్తాను. థర్మోకోల్‌ని కోయడానికి కరెంటుతో వేడెక్కే సన్నని తీగ ఉంటుంది, దాన్ని హాట్ వైర్ అంటాం. చదివింది పదో తరగతే అయినా చేతిపని మీద నాకు పొగరుండేది. బొమ్మ చూపిస్తే చాలు, అచ్చుగుద్దినట్టు దించేస్తానని చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు దగ్గర్లోని బడిలో సైన్సు చెప్పే లక్ష్మి టీచర్ తోకచుక్క మోడల్ చేయమన్నారు. మాలాగే వాళ్ళదీ శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. ఆవిడది ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఈసారి ప్రదర్శన చూశాకే పొడిగింపు సంగతి తేలుస్తానని ప్రిన్సిపాల్ చెప్పేశారట.

ఒక కొసకి దగ్గరగా సూర్యుడు, చుట్టూ కోలగా తీగ దారి, దాని మీద జరిపే తోకచుక్క, దాని వెనకాల తళుకులు అంటించిన మూరెడు తోక. ముచ్చటగా కుదిరిందని మురిసిపోయాను. ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం టీచర్ వచ్చి, చుక్కని ఒక చుట్టు జరిపి చూశారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, బిల్కుల్ ఉల్టా అయిపోయింది. సూర్యుణ్ణి దాటి ఎళ్ళిపోయినప్పుడు తోక ముందుండాల."

"తోక ముందేటమ్మా! మా నాన్న రైలు గార్డు. ఇంజను ఎటెళ్తే గార్డు డబ్బా దానెనకాలే ఎళ్తాది."

కోపంగానే అన్నాను. ఆవిడిచ్చిన బొమ్మలో చుక్క సూర్యుడి వైపు వస్తున్నట్టు మాత్రమే ఉంది. వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో నేను అడగలేదు. ఆవిడ నా మీద గొంతు పెంచలేదు. స్టూలు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని నాకు పాఠం మొదలుపెట్టారు.

"తప్పు నాదేలే అన్నయ్యా, సగం బొమ్మే ఇచ్చాను. తోకచుక్కంటే దుమ్ము కలిసిన మంచుగడ్డ. దూరంలో ఉన్నప్పుడు తోకే ఉండదు. సూర్యుడు దగ్గరయ్యేకొద్దీ మంచు ఆవిరైపోయి దుమ్ము లేస్తాది. సూర్యుడి వెలుగూ, అక్కణ్ణించొచ్చే గాలీ దాన్ని అవతలికి తోసేస్తాయి. మళ్ళీ దూరం పోతే తోక తగ్గిపోతాది. చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా గడ్డ కొంచెం అరిగిపోతాది కూడా."

గాలి అన్న మాట దగ్గర నా బుర్ర వెలిగింది. తోక పీకేశాను. దాని చోట పల్చటి పాలిథిన్ పీలికలు కట్టాను. సూర్యుడి బొమ్మ వెనక చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి, రెండింటినీ తిరిగే పీట మీద బిగించాను. ఒక చేత్తో చుక్కని జరుపుతూ, రెండో చేత్తో పీటని అటే తిప్పాలి. దూరంలో పీలికలు వేలాడుతున్నాయి, దగ్గరికి తెస్తే రెపరెపలాడుతూ సాగుతున్నాయి. దాటించి అవతలికి తీసుకెళ్తే తోక ముందు, చుక్క వెనక!

"కుదిరిపోయింది అన్నయ్యా, కుదిరిపోయింది!" అని టీచర్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

మర్నాడు నన్నూ రమ్మన్నారు. ప్రిన్సిపాల్ చూసి నవ్వారు. "అరే మేడమ్, పూంఛ్ ఆగే కైసే?" తోక ముందెలా వెళ్తుందని నాలాగే అడిగారు. "ఆప్ ఖుద్ ఘుమాయియే సర్" అని, స్వయంగా తిప్పి చూడమంటూ టీచర్ పీటని ఆయన చేతికే అప్పగించారు. ఆయన మూడుసార్లు తిప్పి చూసుకున్నారు. ఎవరు చేశారని అడిగితే ఆవిడ నన్ను ముందుకు లాగి, "మేరే భాయీ" అన్నారు. నా పని పక్కన నన్ను నిలబెట్టినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఆ నెలలోనే ఆవిడ కాంట్రాక్టు పొడిగించారు.

ఆ తర్వాత ఎవరొచ్చినా కొలతల కంటే ముందు, "ఇది ఎలా నడుస్తుందో చెప్పండి" అంటున్నాను. నాకు తెలిసిన సైన్సంతా అలా అడిగి నేర్చుకున్నదే.

2024 అక్టోబరులో ఒక తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి తిరిగి పోతోందంటే, ఊరి దీపాలు లేని చోటు కోసం సాయంత్రం మందిర్ హసౌద్ దాటి వెళ్ళి చూశాను. సూర్యుడు అప్పుడే కుంగిన చోటికి కాస్త పైన, తోక నిటారుగా ఎత్తుకుని మసకగా కనబడింది. వెంటనే టీచర్‌కి ఫోన్ చేశాను.

"టీచరమ్మా, ఇది ఎళ్ళిపోతన్న చుక్క. తోక ముందే ఉంది."

"ఎవరు చెప్పారు అన్నయ్యా?" అన్నారు నవ్వుతూ.

"మీరే కదమ్మా" అన్నాను.