నాగులమ్మ బిగించిన కారు మూతలు

పాకాల రైల్వే గేటు పక్కన నాగులమ్మకు సైకిల్ షాపు ఉండేది. పంక్చర్లు వేయడం, వంకరపోయిన చక్రాల పుల్లలు బిగించి సరిచేయడం వాళ్ల నాయన దగ్గర నేర్చుకుంది. పెళ్లయినా మానలేదు. భర్త మునిరత్నం అదే గేటుకు కాపలాదారు. ఆయన గేటు వేసిన ప్రతిసారీ తనకో బేరం తగులుతుందని నవ్వేది.

1976 వేసవిలో ఒక ఉదయం గేటు తీయగానే ఎర్ర కారొకటి పట్టాల మీద ఎగిరి పడింది. మరుక్షణం వెండి పళ్లెంలా మెరిసేదేదో రోడ్డంతా దొర్లుకుంటూ వచ్చి, నాగులమ్మ ట్యూబులు ముంచే నీళ్ల తొట్టికి ఠంగుమని తగిలి వెల్లకిలా పడింది.

పైకప్పు లేని, ఇద్దరే పట్టే పాత ఇంగ్లీషు కారది. నీలగిరుల్లో ఒక తేయాకు తోట దొర అమ్ముకుంటుంటే, మామిడితోటల సుబ్రమణ్యం మోజుపడి కొన్నాడు. ఆయన దిగి పరుగున వచ్చి, ఊడిపోయిన ఆ చక్రం మూత తీసుకున్నాడు. దాన్ని చక్రం నడుమ పెట్టి, బాదడానికి రాయెత్తాడు.

"ఆగు సామీ! ఎన్నిసార్లు కొట్టినావు దీన్ని?" అంది నాగులమ్మ.

"ఊడినప్పుడల్లా. మదరాసు మెకానిక్కూ ఇట్లే కొట్టినాడు. ఒకటి చెరువులో పడితే రెండు దినాలు ఎతికించినానమ్మా. పోతే ఇంకోటి యాడా దొరకదు."

ఆమె మూత తిరగేసి చూసింది. అంచు సొట్టలు పడి గుండ్రం తప్పింది. చక్రాన్ని పట్టుకోవాల్సిన మూడు స్ప్రింగు పట్టీలూ సత్తువ లేక వాలిపోయి ఉన్నాయి.

"నువ్వు కొట్టేకొద్దీ నోరు వంకరపోతా ఉండాది. ఇంక యాడ నిలుస్తాది?"

కొయ్యదిమ్మె మీద పెట్టి, మెల్లగా తట్టి అంచు సరిచేసింది. సైకిల్ ట్యూబు నుంచి ఉంగరంలా ఒక ముక్క కోసి మూత కింద వేసింది. ఈసారి మూత గట్టిగా కూర్చుంది. సుబ్రమణ్యం సంబరంగా వెళ్లిపోయాడు.

మూడో రోజుకల్లా మూత చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు. "చంద్రగిరి కోట కాడ మళ్లీ ఎగిరిందమ్మా!"

మునిరత్నం పగలబడి నవ్వాడు. "సూడు, నీ రబ్బరు కూడా పట్టలేకపోయింది."

నాగులమ్మకు పౌరుషం వచ్చింది. అన్నం ముందు కూర్చున్నా చెయ్యి పెట్టలేదు. రబ్బరు అదురు ఆపుతుంది, పట్టు ఇవ్వదు. వంచినా తిరిగి లేచే ఉక్కు కావాలి. సైకిల్ పుల్ల వంచితే వంగినట్టే ఉండిపోతుంది. అలా ఆలోచిస్తుంటే గూట్లో ఆగిపోయి ఉన్న అలారం గడియారం మీద చూపు పడింది.

"ఏమయ్యా, అది నడిచేదేనా?"

"రెండేండ్లుగా చచ్చి ఉండాది గదా."

అంతే, దాన్ని విప్పింది. లోపల చుట్టుకుని ఉన్న ఉక్కుపట్టీని ముక్కలు చేసి, రెండేసి వరసలు కలిపి, వాలిపోయిన పట్టీలకు దన్నుగా బిగించింది. నాలుగు మూతలకూ అలాగే చేసింది. ప్రతి మూత వెనకనుంచి సన్నని తీగ లాగి, చక్రం సందుల్లోంచి దూర్చి కట్టింది.

"స్ప్రింగు జారినా మూత ఏలాడతాదే గానీ పారిపోదు. సప్పుడైతే ఆపి సూసుకో," అంది. ఆ తర్వాత ప్రతి మూత మీదినుంచి చక్రం దాకా సుద్దముక్కతో ఒక గీత గీసింది. "మూత రవంత కదిలినా గీత తెగతాది. నేనూ వస్తా. నా కళ్లతో సూడాల."

సుబ్రమణ్యం పక్క సీటు తుడిచాడు. అంతవరకూ ఆమె కారెక్కి ఎరగదు. కొంగు నడుముకు దోపి ఎక్కి, తలుపు మీదుగా వంగి ముందు చక్రాన్నే చూస్తూ కూర్చుంది. మునిరత్నం గేటు తీసి, పెళ్లివారికి దారి ఇచ్చినట్టు పక్కకు నిలబడ్డాడు.

"జోరుగా పోనీ సామీ! గుంతలు తప్పించొద్దు!"

కారు పట్టాల మీద ఎగిరింది, చంద్రగిరి మలుపుల్లో ఊగింది. గాలికి జుట్టు ముడి వీడిపోయింది. ఎదురొచ్చే బస్సుల్లోంచి జనం చెయ్యి ఊపితే ఆమె కూడా ఊపింది. కోట దాటేసరికి చక్రం సంగతే మరిచిపోయి కొండల్ని చూస్తూ ఉండిపోయింది. తిరుచానూరులో దిగి అమ్మవారికి దణ్ణం పెట్టి, బయటికొచ్చి నాలుగు చక్రాలూ చుట్టి చూసింది. నాలుగు గీతలూ చెక్కుచెదరలేదు.

"గెలిచినావమ్మా!" అని సుబ్రమణ్యం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆమె పక్కనే పూలమ్ముతున్న తాయమ్మ అనే ఆవిడను పట్టుకుని నవ్వేసింది. సంగతేమిటో తెలియకపోయినా తాయమ్మ కూడా నవ్వి, ఆమె తలలో మల్లెలు పెట్టింది.

ఆ కబురు పాకి, చిత్తూరు నుంచి, వేలూరు నుంచి పాత కార్లు గేటు దగ్గరికి రావడం మొదలైంది. ఎవరొచ్చినా నాగులమ్మది ఒకటే షరతు: మూతలు బిగించాక తనను ఎక్కించుకుని పోవాలి, పరీక్ష చేయాలి. అలా కాణిపాకం, పుంగనూరు, పలమనేరు చూసింది. హార్సిలీ కొండకు పోయే బండి దొరికిన రోజు మాత్రం మునిరత్నం చేత సెలవు పెట్టించింది. అదీ రెండు సీట్ల బండే. ఆయన వెనక సామాన్లు పెట్టే చోట కాళ్లు ముడుచుకుని కూర్చుని, కొండ ఎక్కినంత సేపూ, "నాగులా, సూడు! మూత ఉండాదా?" అని అరుస్తూనే ఉన్నాడు.