తుకతుకమనాలి మా అంబాసిడర్

నాకు చెవుడు లేదు. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. జనమే గొణుగుతున్నారు. ఈ కాలం వాళ్ళకి నోరు తెరిచి మాట్లాడటం బద్ధకం. మా ఆవిడా అంతే, వంటగదిలో గిన్నెలకేసి మాట్లాడి, వినపడలేదంటే తప్పు నామీద పెడుతుంది. మండపేటలో రైసు మిల్లు ఫోర్‌మన్‌గా జీవితమంతా మిషన్ల మధ్య నిలబడిన మనిషికి చెవులు కాస్త మొద్దుబారితే బారి ఉంటాయి. అంతమాత్రాన చెవుడనేయడమేనా?

తునిలో ఉండే మా అమ్మాయి ఈ వాదన వినిపించుకోలేదు. నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి, పరీక్ష చేయించి, చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చి మరీ వెళ్ళింది. దాన్ని డబ్బాతో సహా బీరువాలో దాచేశాను. మా ఆవిడ పట్టుచీరల పక్కన హాయిగా పడి ఉంది.

నేను రిటైరైనప్పుడు మా మిల్లు యజమాని గారు శాలువా కప్పి, గోడౌన్ మూల గోనెసంచుల కింద ఏళ్ళ తరబడి పడున్న పాత అంబాసిడర్ చూపించారు. "తీసుకుపోండి ఫోర్‌మన్ గారూ. మీ చేతుల్లోనైనా లేచి తిరుగుతుందేమో" అన్నారు. శాలువా సంగతి అప్పుడే మర్చిపోయాను. నలుగురి చేత తోయించుకుని కారు ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇల్లు మిల్లు ప్రహరీ గోడకి ఆనుకునే ఉంటుంది కాబట్టి పెద్ద దూరమేం కాదు. పెరట్లో రేకుల షెడ్డు కింద దాన్ని నిలబెట్టాక మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఇందులో ఎలకలు కాపురం ఉన్నాయండీ" అంది. నిజమే, ఉన్నాయి.

ఎక్కడ చెయ్యి పెట్టినా ఊకే. సీట్లలో ఊక, డాష్‌బోర్డు వెనక ఊక, చివరికి హెడ్‌లైటు డోముల్లో కూడా ఊక. అదంతా ఊడ్చి, తుప్పు పట్టిన చోట రేకు కోయించి కొత్త ముక్క అతికించి, సీట్లకి కొత్త రెక్సిన్ కుట్టించాను. కార్బురేటర్ విప్పి పెట్రోల్లో నానబెట్టి, మా ఆవిడ టూత్‌బ్రష్‌తో తోమాను. ఆ బ్రష్ పాతదనుకున్నాను, కొత్తదట. ఆ గొడవ వారం నడిచింది.

ఇంజను లేచింది గానీ నిలకడ లేదు. కాసేపు ఊగుతుంది, కాసేపు దగ్గుతుంది, పొగ కక్కుతుంది. ఇక మిగిలింది ట్యూనింగే. గాలీ పెట్రోలూ కుదిరి కలిసేలా స్క్రూ తిప్పుకుంటూ, ఇంజను చప్పుడు వింటూ పట్టుకోవాలి. అది చెవితో చేసే పని.

బండి సిద్ధమైతే మొగల్తూరులో ఉన్న మా వదిన గారింటికి, అంటే మా ఆవిడ అక్కగారింటికి వెళ్దామని ముందే అనుకున్నాం. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికీ కదల్లేకపోతోంది. చెల్లెలి మీద బెంగ పెట్టుకుంది. కానీ మా ఆవిడ ఖరాఖండీగా చెప్పేసింది.

"చెవి మిషను పెట్టుకుంటేనే ఎక్కుతాను. వెనక లారీ హారన్ కొట్టినా వినపడని డ్రైవరు పక్కన నేను కూర్చోనండీ బాబూ. నేను బస్సులో పోతాను."

నాకు ఒళ్ళు మండింది. "ఈ బండి ట్యూనింగ్ నా చెవులతోనే చేసి చూపిస్తా. అప్పుడు మాట్లాడు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టాను. ఇంజను లేచింది. స్క్రూ కాస్త బిగించాను, కాస్త వదులు చేశాను. ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే చెవి బాగా పనిచేస్తుందని మిల్లులో నా నమ్మకం. అరచేతి కింద సన్నగా, ఒకే తీరుగా అదురుతోంది. ఎక్కడా దగ్గు లేదు, ఊగుడు లేదు. ఆహా, చెయ్యి తిరిగిన పనివాడంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ కాఫీ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉంది.

"చూశావా? ఎంత మెత్తగా నడుస్తోందో! ఇప్పుడు చెప్పు నాకు చెవుడని."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కాసేపు నవ్వి, తర్వాత నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా అరిచింది. "బండి ఎప్పుడో ఆగిపోయిందండీ! ఆ అదిరేది మిల్లు!"

చూద్దును కదా, ఇంజను ఫ్యాను కదలడం లేదు. గోడవతల మిల్లు నడుస్తుంటే మా షెడ్డు నేలా, దాని మీద నిలబడ్డ కారూ సన్నగా అదురుతున్నాయి. ఇన్నేళ్ళూ ఆ అదురులోనే తిని, పడుకున్నాను కాబట్టి నాకు అది చప్పుడనే తోచలేదు. నా మిల్లే నన్ను మోసం చేసింది.

రెంచి విసిరికొట్టి లోపలికొచ్చేశాను. టిఫిను తిననన్నాను. మా ఆవిడ నవ్వడం మానేసి పెసరట్టు పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. కోపం కాదు, భయమేసింది నాకు. ఆగిపోయిన బండిని నడుస్తోందనుకున్నవాడికి ఇంకేమేం ఆగిపోయాయో ఎలా తెలుస్తుంది? అప్పుడు చూసుకుంటే మా ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడో సన్నగిల్లాయి. అన్నం పెట్టాను, మాత్ర వేసుకోండి, గేటు వెయ్యండి. ప్రతిదీ అరిచి చెప్పాలి. అరిచి ఎంతని చెబుతుంది? పక్కింటి పెళ్ళి కబుర్లూ, కలలో వచ్చిన వాళ్ళ అమ్మ సంగతీ ఎవరైనా కేకలు పెట్టి చెబుతారా? చెప్పడం మానేసింది. నేనేమో ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

మరుసటి రోజు నేను షెడ్డు వైపు పోలేదు. మా ఆవిడే ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి బానెట్ ముందు వేసుకుని కూర్చుంది. నన్ను చెయ్యూపి పిలిచింది.

"సెల్ఫ్ కొట్టండి. నేను విని చెప్తాను."

"ఇంజను గురించి నీకేం తెలుసు?"

"ఇంజను గురించి తెలీదు. ఉడకడం గురించి తెలుసు. అసలు అది ఎలా ఉండాలో చెప్పండి."

"స్మూత్‌గా ఉండాలి."

"స్మూత్‌గా అంటే? కుతకుతా, తుకతుకా?"

"రెండూ ఒకటే కదా."

"అయ్యో రామ! కుతకుతంటే అన్నం పొంగబోతున్నట్టు. తుకతుకంటే పప్పు సన్న సెగ మీద ఉడుకుతున్నట్టు. ఇన్నేళ్ళు నా చేతి వంట తిని ఇంతేనా మీరు నేర్చుకుంది?"

ఆలోచించాను. "అయితే తుకతుక" అన్నాను.

ఆ రోజు నుంచి మా ట్యూనింగ్ వంటింటి భాషలో సాగింది. "గరిటె గిన్నె అంచుకి తగులుతున్నట్టు టకటకమంటోంది" అంటే వాల్వుల మీద కొట్టే టాపెట్లు సరిచేశాను. "తాలింపులో నీళ్ళు పడ్డట్టు చిటపట" అంటే పెట్రోలు కాస్త పెంచాను. "అబ్బా, ఇప్పుడు కుతకుత, పొంగుతోంది పొంగుతోంది" అంటే తగ్గించాను. ఒకరోజు ఆవిడ కుర్చీలోంచి లేచి ఇంజను మీదకి వంగి, "కుక్కరు మూత సరిగ్గా కూర్చోనట్టు ఎక్కడో బుస్సుమంటోందండీ" అంది. కార్బురేటర్ విప్పి చూస్తే దాని కింది గాస్కెట్ అట్ట చిరిగి అక్కడ గాలి పీలుస్తోంది. నేను ఎన్నాళ్ళు స్క్రూ తిప్పినా కుదరకపోవడానికి కారణం అదన్నమాట. నాకు రోషం రావాలి. రాలేదు. మళ్ళీ మాట్లాడుకుంటున్నామన్న సంతోషమే వచ్చింది, అది అరుపులతోనైనా సరే.

కొత్త గాస్కెట్ వేసిన రోజు ఆదివారం, మిల్లు ఆగి ఉంది. సెల్ఫ్ కొట్టి, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి ఆగాను. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. తర్వాత మొహం విప్పారింది. పెదవులు కదిపింది. ఏమందో వినపడలేదు గానీ తెలిసింది. తుకతుక.

నా బండి అంత చక్కగా పలుకుతుంటే దాన్ని నేను ఆవిడ మొహంలో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది. చేతులు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్ళి బీరువా తెరిచాను.

చెవి మిషను పెట్టుకోగానే ముందు కీచుమంది. తర్వాత ఫ్యాను, కాకులు, నా చెప్పులు నేలకి రాసుకోవడం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఇంత రొదలో ఈ జనం ఎలా బతుకుతున్నార్రా బాబూ అనుకుంటూ షెడ్డులోకి వచ్చాను. ఇంజను నడుస్తూనే ఉంది. పప్పు సన్న సెగ మీద ఉడుకుతున్నట్టే ఉంది. ఎంత సరిగ్గా చెప్పింది మహాతల్లి! ఆవిడ నా చెవి వైపు చూసింది. లోపలికి పోయి మొగల్తూరుకి ఫోన్ చేసింది.

ఆ వారంలోనే బయలుదేరాం. రావులపాలెం దాటి, సిద్ధాంతం వంతెన మీద గోదావరి దాటి, పాలకొల్లు వైపు కాలవ గట్టు రోడ్డు పట్టాం. అంబాసిడర్ ఎక్కడా దగ్గలేదు. వెనక లారీ హారన్ కొడితే విని, పక్కకి తీసి దారిచ్చాను. మా ఆవిడ గమనించింది గానీ గమనించనట్టే కూర్చుంది. నేను ఇంజను వింటూ, గొప్పగా స్టీరింగ్ పట్టుకుని నడుపుతున్నాను.

అప్పుడు పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. అరుపు కాదు. సన్నగా, మెత్తగా ఉంది. పెళ్ళైన కొత్తలో విన్న గొంతు. ఇన్నేళ్ళుగా ఆవిడ అరుస్తుంటే నేను దాన్ని మర్చేపోయాను. కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ, తనలో తను అనుకుంటోంది.

"ఎంత మొండి మనిషైతేనేం, స్టీరింగ్ ముందు కూర్చుంటే ఇప్పటికీ బాగుంటాడు."

"ఏంటి, స్టీరింగ్ ముందేనా? మామూలప్పుడు బాగుండనా?" అన్నాను.

ఉలిక్కిపడి నావైపు తిరిగింది. "విన్నారా?"

"విన్నాను."

"అమ్మో!" అని రెండు చేతులతో నోరు మూసుకుంది. "మీకు వినపడదు కదా అని ఇన్నేళ్ళూ మీ పక్కనే కూర్చుని ఏమేం అనుకున్నానో! ఇక అననులెండి."

"అను" అన్నాను. "మరి నేను ఈ మిషను పెట్టుకున్నది ఎందుకంటావ్?"