బాలింత కుక్కకు పిచ్చి అంటగట్టిన వైనం

కేసముద్రం మార్కెట్ దగ్గర, మా విత్తనాల కొట్టు ముందు, పట్టపగలు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. ఊరికే పోలేదు, బజారునంతా కేకేసి పిలిచి మరీ పోయింది. నవ్వండి, కానీ మెల్లగా నవ్వండి. మా ఆవిడ సరళ విన్నదంటే ఈ కథ మొదటి నుంచీ తనే చెబుతుంది.

పెళ్లయిన కొత్తలో సరళ పుట్టింటి నుంచి రాణి అనే చిన్న కుక్కను వెంట తెచ్చుకుంది. అది కొట్టు వెనక గదిలో ఈనింది. తల్లేమో పిడికెడు, పిల్లలేమో గంపెడు. అవి పెళ్లి బంతిలో కూర్చున్నట్టు పొద్దస్తమానం తాగుతూనే ఉండేవి. రాణి పక్కటెముకలు తేలుతున్నా, పాలు పుష్కలంగా ఉన్నాయని నేను మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం రాణి గదిలోంచి బయటికి వచ్చింది. కొయ్యకాళ్ల మీద నడుస్తున్నట్టుంది. ఒళ్లంతా వణుకు, ఎగశ్వాస, నోట్లోంచి చొంగ. నాకు ఒక్కటే తోచింది.

"పిచ్చి లేసింది! రాణికి పిచ్చి లేసింది!" అంటూ వడ్ల బస్తాల మీదికి ఎగిరాను. కింది బస్తాలకు నా కాళ్లు తగిలిన గుర్తు కూడా లేదు. పక్క కొట్టు మల్లన్న కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎవరో షట్టరు దించేశారు.

అంతలో అన్నం గిన్నెతో సరళ వచ్చింది. "ఏందయ్యా, గా పైకెందుకెక్కినవ్?"

"దగ్గరికి పోకు! పిచ్చి లేసింది!"

"పిచ్చి సూది నువ్వే ఏపిచ్చుకొస్తివి గద!"

"సూది పనిజేస్తలేదేమో!"

"పనిజెయ్యంది నీ బుర్ర!"

మల్లన్న కర్ర ఎత్తాడు. సరళ అడ్డం నిలబడింది. "కట్టె కింద పెట్టన్నా. పిల్లల తల్లి అది." రాణి పక్కకు ఒరిగి కాళ్లు బిగదీసింది. సరళ దాన్ని ఒళ్లోకి తీసుకుని ఆటో ఎక్కేసింది. నేను బస్తాలు ఎక్కినంత వేగంగా దిగలేకపోయినా, ఎలాగో వెళ్లి ఆటోలో పడ్డాను.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ ముట్టి చూసి, "పిచ్చి లేదు, ఏం లేదు. ఒంట్లున్న కాల్షియమంత పాలల్లనే పోయింది. జర ఆలస్యమైతే పాణం పోతుండె," అంది. గుండె చూసుకుంటూ నరంలోకి మెల్లమెల్లగా మందు ఎక్కించింది. వణుకు తగ్గింది. రాణి సరళ చెయ్యి నాకి, నా వైపు చూసి తోక ఊపింది. దాన్ని చంపించబోయిన నా వైపు చూసి! నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కుక్కకు వణుకుడు ఆగింది. మరి గీయన ఎందుకు వణుకుతుండు?"

"బస్తాలు దిగిన కాన్నుంచి గిట్లనే ఉన్నడు మేడం. ఈయనకు గూడ ఓ సూది ఎయ్యండ్రి," అంది సరళ.

తల్లి కోలుకునేదాకా పిల్లలకు సీసాతో పాలు పట్టమన్నారు. ఆ ఉద్యోగం సరళ నాకే ఇచ్చింది. కొట్లో కూర్చుని, ఒళ్లో కుక్కపిల్లతో, చేతిలో పాలసీసాతో బేరాలు చేశాను. మల్లన్న రోజూ గుమ్మంలో ఆగి పరామర్శించేవాడు:

"ఏం బాలింతన్నా, పాలు సాలుతున్నయా?"

అందుకని పాఠకులారా, ఆ పాలసీసా సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ ప్రాణికీ నేను జబ్బు పేరు పెట్టను. వడ్ల బస్తాలు అమ్ముతానే తప్ప ఎక్కను.