పసుపు రంగు ఇంటికి దారి

రాసుకో బిడ్డా. మన తూంకుంట కాలనీలో ఇళ్ళన్నిటికీ ఒకటే బూడిద రంగు వెయ్యాలని పొద్దున మీటింగులో అనుకున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ, నా కళ్ళ ముందు కార్తహేనా వీధి తిరుగుతోంది.

నా ఈడు వాళ్ళు నమ్ముతారో లేదో గానీ, లాల్‌గడి మలక్‌పేట్ దాటితే మేడ్చల్ తప్ప మరో ఊరెరుగని నేను, రెండువేలు దాటిన కొత్తల్లో దక్షిణ అమెరికా చూసొచ్చాను. జీడిమెట్లలో మాత్రలు కొట్టే మిషన్లు చేసే మీ తాతను, కొలంబియా దేశంలోని కార్తహేనా ఊళ్ళో మిషన్ బిగించి రమ్మని కంపెనీ పంపితే, అక్కడి తిండి పడదని నన్నూ వెంటబెట్టుకుపోయాడు. సర్వపిండి కోసం బియ్యప్పిండి మూట కట్టుకున్నాను. ఒక ముసలామె ఇంట్లో గది ఇచ్చారు. రోజూ పొద్దున ఆమె గడప ముందు నీళ్ళు చల్లి పిడికెడు పిండితో ముగ్గు పెట్టేదాన్ని. ఆమె వింతగా చూసేది.

ఒకరోజు మీ తాత పనికి పోతూ, "పసుపు రంగు ఇల్లు, నీలం తలుపు, యాదివెట్టుకో. దూరం పోకు" అన్నాడు. పోకుండా ఎట్లా ఉంటాను? స్పెయిన్ వాళ్ళు ఏలిన నాటి వీధి అది. ఒక ఇల్లు కనకాంబరం, పక్కది నెమలికంఠం, ఆ పక్కది దానిమ్మ గింజ, పైన చెక్క వసారాల నుంచి గుత్తులు గుత్తులుగా కాగితంపూలు, కింద కుచ్చుల గౌన్లు వేసుకుని, మన కూరగాయలామె లెక్కనే నెత్తిన పండ్ల గంపతో నడిచే ఆడవాళ్ళు. అందులో ఒకామె నా చీర కొంగు పట్టి చూసి, మామిడికాయ ముక్కకు ఉప్పద్ది నోట్లో పెట్టింది. చిన్నపిల్లలా ప్రతి గోడనూ తడుముకుంటూ సందులన్నీ తిరిగాను.

పొద్దు వాలుతుంటే వెనక్కి వస్తే, పసుపు ఇల్లు లేదు. ఉండాల్సిన చోట గులాబి రంగు ఇల్లుంది. సందు తప్పానేమోనని ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. మీ తాత వచ్చి నేను లేకపోతే ఏమైపోతాడు? ఎవరినైనా అడుగుదామంటే భాష రాదు.

అప్పుడు ఆ గులాబి ఇంటి ముందు ఎవరో వంగి గోనెపట్ట తీస్తున్నారు. దాని కింద నా ముగ్గు! రంగు చుక్క పడకుండా కప్పి ఉంచింది ఆ ముసలామే. నేను తిరుగుతున్న ఆ పూటలోనే గోడకు, తలుపుకు కొత్త రంగు వేయించింది. ఆమెను పట్టుకుని ఏడుస్తూ నవ్వాను. మీ తాత వచ్చి, విని, "ఇగ ఏ దేశం పోయినా ముగ్గేసుకుంటనే తిరుగు" అని రోజుల తరబడి ఆటపట్టించాడు.

ఇప్పుడు మన గడపల ముందు టైల్సు, వాటి మీద అంగడిలో కొన్న ముగ్గు స్టిక్కర్లు, అవీ అందరివీ ఒకటే. మొన్న మన గేటనుకుని పక్కింటి గంట కొట్టింది నేనే కదా. గోడకు కాలనీవాళ్ళకు నచ్చిన రంగే వేసుకోనీ బిడ్డా. ఆ స్టిక్కరు మాత్రం గీకెయ్యి, రేపు పొద్దున కాస్త పిండి తీసుకురా.