మునిస్వామి పనిలోకి రాలేదు

మా వరదరాజులు మామకు ఉన్నది ఒక్కటే పిచ్చి. తన రక్తనాళాల క్షేమసమాచారాలు ఊరందరికీ చెప్పాలి. మద్రాసు సౌకార్‌పేటలో ఆయన పాత్రల కొట్టుకు వెళ్ళినవాళ్ళు కుక్కర్ కొనకుండానైనా బయటపడతారేమో గాని, కొలెస్ట్రాల్ గురించి వినకుండా బయటపడలేరు.

"నాళం గోడలో ఒక ఎంజైము ఉండాది రా శ్యామ్," అంటాడు నన్ను చూడగానే. మేనల్లుణ్ణి కాబట్టి పారిపోలేను. "అది ఒక వాయువు తయారుచేస్తాది. ఆ వాయువు తగిలితేనే నాళం వదులై రక్తం హాయిగా పోతాది. కొలెస్ట్రాల్ ఎక్కువైందనుకో, ఎంజైము పని ఎగ్గొట్టి సుమ్మా, ఊరికే కూర్చుంటాది. నాళం బిగుసుకుంటాది."

ఆ ఎంజైముకు మునిస్వామి అని పేరు కూడా పెట్టాడు. కొట్లో మూటలు మోసే మునిస్వామి నెలలో సగం రోజులు రాడు, అందుకని.

"ఎట్లుండారు మామా?"

"ఏం చెప్పేది? మునిస్వామి పనిలోకి రాలా."

ఇది విన్న పక్కకొట్టు సేటు అసలు మునిస్వామిని నడివీధిలో పట్టుకుని చీవాట్లు పెట్టాడు. భుజం మీద గంగాళంతో నిలబడి, "ఈడనే ఉండా గదయ్యా!" అని అతను లబోదిబోమన్నాడు.

మామ జబ్బు వినగానే పంకజం అత్త నేతిగిన్నెను అటకెక్కించింది. ఒకప్పుడు ఆవిడ చేసిన పొంగలి తింటే చేతి జిడ్డు సబ్బుకు కూడా లొంగేది కాదు. ఇప్పుడు అదే పొంగలిని మామ శిక్ష పడ్డవాడిలా నమిలేవాడు. "ఆయన తినంది నాకు మాత్రం ఎట్ల దిగతాది?" అంటూ అత్తా అదే తినేది.

పోయిన వారం జార్జి టౌన్‌లో టిఫిన్‌కని ఒక మెస్సులో దూరాను. మూలబల్ల దగ్గర మామ. ముందర నేతి దోసె. మోచేతి దాకా నెయ్యి.

నాకు ఒళ్ళు మండింది. "మామా! మునిస్వామి సంగతేంది?"

"అరవకు రా. నా మునిస్వామి సుబ్బరంగా పన్జేస్తా ఉండాడు. ఎగ్గొట్టింది మీ అత్త మునిస్వామి."

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కొలెస్ట్రాల్ నాక్కాదు, దానికి. డాక్టరు చెప్తే, 'నాకేం రోగం, పొండి' అని ఇంకో గరిటె నెయ్యి పోసుకునింది. తనకోసం పథ్యం చేసే మనిషా అది? అందుకే నాకని చెప్పినా. ఆ పొద్దే ఇంట్లో నెయ్యి ఆగింది." చివరి ముక్కతో ఆకు తుడిచాడు. "వారానికొక దోసె గూడా లేకపోతే జబ్బు నటించేదానికి ఓపిక యాడిది రా?"

ఇద్దరం కలిసే ఇంటికి వెళ్ళాం. గుమ్మంలోనే అత్త సంబరంగా ఎదురొచ్చింది.

"ఆయన పథ్యం పుణ్యమా అని నా కొలెస్ట్రాల్ గూడా తగ్గిందంట రా! ఇంక ఆయనకి కొంచెం నెయ్యి ఎయ్యొచ్చా? పాపం, ఎండిపోతా ఉండాడు."

మామ లోపలికి జారుకుని, ఆవిడ వెనక నిలబడి నాకు దండం పెట్టాడు, వద్దని చెప్పమని. మీసం మీద ఇంకా నెయ్యి మెరుస్తోంది. ఆ క్షణంలో ఆయన నాకు భలే ముద్దొచ్చాడు.

"అప్పుడే వద్దత్తా," అన్నాను. "మునిస్వామి ఈ పొద్దు గూడా రాలా."