ఉతికిన తువ్వాల

నాయిన తువ్వాల ఉతకడం నా చిన్నప్పుడు నా వంతు పని. శామీర్‌పేట అవతల రాళ్ల క్వారీ పక్కనే మా గుడిసెలు. మగవాళ్లు మిషన్‌తో బండకు బెజ్జాలు వేసేవారు. ఆడవాళ్లు కంకర కొట్టి, నీళ్లు మోసి, వండి, ఉతికి, ఇంకా ఓపిక ఉంటే కాసేపు కూర్చునేవారు. అయినా వాళ్లను కూలీలని ఎవరూ అనలేదు, ఫలానావాడి పెండ్లాం అనే అన్నారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బెజ్జాలు వేస్తే లేచే దుమ్ముకు అందరూ దగ్గేవారు. ఒకరోజు నాయిన తువ్వాలలో నెత్తురు కనిపించింది. "అమ్మకు జెప్పకు బిడ్డా, పరేషాన్ అయితది. జల్దీ ఉతికెయ్" అన్నాడు. రోగిష్టివాడు అనిపించుకోవడం ఆయనకు నామోషీ. రహస్యం నాకొక్కదానికే చెప్పాడని నేను మురిసిపోయాను. రోజూ మరక పోయేదాకా బండకేసి రుద్దేదాన్ని.

ఆ ఏడు ఇద్దరు దగ్గి దగ్గి చనిపోయారు. బెజ్జం మీద నీళ్లు పోస్తూ మిషన్ నడిపితే దుమ్ము లేవదు. ఆ మాట అడిగితే, ఇక్కడ రోగం ఎవరికుందని కాంట్రాక్టరు నవ్వాడు. పోయినవాళ్లలో ఒకరు పక్కింటి అత్త భర్త. ఆమె ఆడవాళ్లందరినీ పోగేసి, "ఇగ వారం దినాలు ఎవ్వరు తువ్వాలలు ఉతకొద్దు. మనం ఉతుకుతున్నం గాబట్టే ఆనికి కనవడ్తలేదు" అంది. నేనూ విన్నాను. కానీ ఉతక్కపోతే అమ్మకు తెలిసిపోతుందని భయపడి, ఎప్పటిలాగే ఉతికేశాను.

వారం తర్వాత ఆడవాళ్లు కాంట్రాక్టరు ఆఫీసు కంచె మీద ఆ తువ్వాలలన్నీ ఆరేసి, సుత్తెలు కింద పెట్టి కూర్చున్నారు. మూడో రోజుకు అతను దిగివచ్చాడు. నీళ్లు పోయిస్తానన్నాడు, మరక ఉన్నవాళ్లను మిషన్ పని మాన్పించి దవాఖానకు పంపుతానన్నాడు. గుమాస్తా ఒక్కో తువ్వాల చూసి పేర్లు పిలిచాడు. అందరితోపాటు అమ్మ కూడా, తన మొగుడికేమీ లేదన్న ధీమాతో, నాయిన తువ్వాల ఆరేసింది. అది తెల్లగా మెరుస్తోంది.

"గీనికేం గాలే, మిషన్ కాడికి పో" అన్నాడు గుమాస్తా. నాయిన నా వైపు చూశాడు. కంచె మీది తువ్వాల తీసి భుజాన వేసుకుని మిషన్ వైపు నడిచాడు.

మరుసటి వానాకాలం నాయిన చూడలేదు. దినాలయ్యాక అత్త ఒళ్లో పడి నిజం చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె ఏడుస్తూ నా తల నిమిరి, "ఉతుకుడైతే మనకు పుట్టంగనే నేర్పుతరు బిడ్డా. సూపెట్టుడే ఎవ్వరు నేర్పరు" అంది.

ఆ క్వారీ గుట్ట ఇప్పుడు లేదు, కంకరై సుచిత్ర చౌరస్తా దాకా మేడల్లో కలిసిపోయింది. నా మనవడు గుండ్లపోచంపల్లి గోదాములో పనిచేస్తాడు. మొన్న వాడి చొక్కా వీపు మీద నెత్తుటి మరక కనిపిస్తే, బకెట్‌లో వేయబోతున్న కోడలి చేతిలోంచి లాక్కుని, లోపలి గదిలో వాడి ముందు పరిచాను.

"ఏందిరా గిది?"

"ఏం లేదవ్వా, అమ్మకు జెప్పకు" అన్నాడు, అచ్చం మా నాయినలాగే.

వాడు నిజం చెప్పేదాకా ఆ చొక్కాను నీళ్లు తాకనివ్వలేదు.