మల్లాపూర్ పొట్టు, మా ఐదు గుంటలు

చెంగిచెర్లలో మాకు మిగిలింది ఐదు గుంటల భూమి. చుట్టూ ఇళ్లు లేచినా, అమ్మ అందులో ఆకుకూరలు పండించి ఉప్పల్ తీసుకెళ్లి అమ్మేది. నాన్న ఉన్నన్నాళ్లూ యూరియా చల్లడమే తప్ప ఒక్క గంప పెంట ఎరువు వేసింది లేదు. కోతయ్యాక మోళ్లకు నిప్పు పెట్టేవాడు. చివరికి నేల ఎంత బిగిసిందంటే, వాననీళ్లు ఇంకక పక్కింటి గేటు ముందుకు పారేవి. పాలకూర వేలెడు లేచి ఆగిపోయేది.

లారీల పార్కింగుకు ఇచ్చేద్దామన్నాడు అన్నయ్య.

"రెండు వానకాలాలు ఆగు బిడ్డా. గప్పటికీ మన్ను మారకుంటే నీ ఇష్టం," అంది అమ్మ.

నేను మల్లాపూర్‌లో తలుపులు చేసే షెడ్డులో పనిచేస్తాను. అక్కడ రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. అమ్మ చుట్టాల పెళ్లికి వెళ్లిన రెండు రోజుల్లో ట్రాలీ ఆటోలో ఆ పొట్టంతా తోలి మడినిండా కలిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత వేసిన తోటకూర మొలిచినట్టే మొలిచి పసుపు రంగుకు తిరిగింది.

అమ్మ తిట్టలేదు, నవ్వింది. నాకు అదే ఎక్కువ మండింది.

"పచ్చి పొట్టు మురిగేదాంక మన్నుకే ఆకలిరా. మొక్క నోటికాడి బుక్క గుంజుకుంటది. తలుపులు జేసుడు నీ పని, గిది నా పని."

అలా ఒక వానకాలం నా పుణ్యాన పోయింది. ఇక నోరు మూసుకుని ఆమె చెప్పినట్టే చేశాను. నాచారంలో గేదెల కొట్టం నుంచి పెంట తెచ్చి, పొట్టు, ఎండుటాకులు పొరలుగా కుప్ప వేసి, తడిపి, తిరగేసి, నల్లగా మాగాకే మడికి చల్లాం. నా నడుం విరిగింది. అమ్మ మాత్రం పండగ చేసుకుంది.

రెండో వానకాలంలో పెద్ద వాన పడింది. గేటు ముందుకు చుక్క పారలేదు. పార వేస్తే చాలు, వానపాములు! మర్నాడే అన్నయ్య పార్కింగ్ సంగతి తేల్చడానికి వచ్చాడు. అమ్మ పాలకూర కోయడం ఆపి అతని ముఖమే చూస్తోంది. మడిలో అడుగు వేశాడో లేదో చెప్పు దిగబడింది. వంగి చెప్పు లాక్కున్నాడు, పిడికెడు మన్ను పిసికి చూశాడు, లారీల ఓనరుకు ఫోన్ కలిపాడు.

"అన్నా, పార్కింగ్ కాన్సిల్. మా నేల మస్తు మెత్తగైంది. నీ లారీలు దిగవడ్తయి."

అమ్మ ఆ తడిమన్నులోనే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.